గుడ్ల కోళ్లలో కొవ్వు కణాల ఎదుగుదల: జన్యువులు, మేత

మండపేట, అనపర్తి ప్రాంతాలలో కోళ్ల పెంపకం వరి సేద్యంతో పెనవేసుకొని ఉన్నది. రైసుమిల్లుల నూకలు, తవుడు కోళ్ల మేతలో చేరుతాయి. గుడ్లు పెట్టే కోడి అవసరానికి మించి కొవ్వెక్కితే ఉత్పత్తి తగ్గుతుంది. కొవ్వు పేరుకొని పెళుసుబారిన కాలేయం చిట్లి, రక్తస్రావంతో కోడి హఠాత్తుగా మరణించవచ్చు. వేసవి ఉక్కపోతకు కూడా అట్టి కోడి త్వరగా లొంగిపోతుంది.

ఇందుకు మేతను మాత్రమే నిందించడం పరిపాటి. ఫ్రాన్సు జాతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ 1970ల దశకంలో మాంసపు కోళ్లను పొట్టకొవ్వు ఆధారంగా ఎంపిక చేస్తూ, శరీర బరువు దాదాపు సమానంగా ఉన్న రెండు వంశాలను రూపొందించింది. ఒకటి కొవ్వుది, రెండవది బక్కది. మేత ఒకటే అయినా తేడా నిలిచింది.

కొవ్వు కణం పుట్టుకతోనే కొవ్వు కణం కాదు. పూర్వకణాలు మొదట సంఖ్యలో వృద్ధి చెంది, పిదప కొవ్వును నింపుకొంటాయి. ఈ మార్పును ముందుకు నడిపే జన్యువులలో ముఖ్యమైనవి పీపార్‌ గామా, సి/ఇబిపి ఆల్ఫా. ఇవి ఒకదానినొకటి ప్రేరేపించుకుంటాయి. ఒకసారి మేల్కొంటే కణం వెనుదిరగడం అరుదు. గాటా-2 వంటివి పగ్గం వేస్తాయి.

కోడికి గల ప్రత్యేకత ఇక్కడే ఉన్నది. ప్రయోగశాలలో ఎలుక పూర్వకణాలను కొవ్వు కణాలుగా మార్చడానికి ఇన్సులిన్‌, డెక్సామెథసోన్‌ మొదలైన వాటి మిశ్రమం వాడుతారు. కోడి కణాలకు ఓలియిక్‌ ఆమ్లమనే కొవ్వు ఆమ్లం ఒక్కటే చాలు. పైగా కోడిలో కొవ్వు ప్రధానంగా తయారయ్యేది కాలేయంలో. నూకలలోని, మొక్కజొన్నలోని పిండిపదార్థం మిగిలితే కాలేయం దానిని కొవ్వుగా మార్చి రక్తంలోకి పంపుతుంది. ఆ కొవ్వు ఆమ్లాలే పొట్టలోని పూర్వకణాలకు సంకేతాలవుతాయి. మేత, జన్యువు వేర్వేరు కారణాలన్న వాదన ఇక్కడ నిలవదు.

కణాల సంఖ్య చాలావరకు పెరుగుదల దశలోనే నిర్ణయమవుతుంది. ఆ తరువాత పెరిగేది ప్రధానంగా వాటి పరిమాణం. గుడ్లు మొదలైన తరువాత మేత తగ్గిస్తే కణాలు కుంచించుకుపోతాయే గాని నశించిపోవు. గుడ్లు మాత్రం వెంటనే తగ్గుతాయి. కనుక పెట్టపిల్లలను వారం వారం తూచి, ఆ జాతికి నిర్దేశించిన బరువుతో పోల్చి, శక్తి–మాంసకృత్తుల నిష్పత్తిని అప్పుడే సరిదిద్దడం మేలు. నూకలు చవకగా దొరికే రోజుల్లో ఈ లెక్క తప్పే అవకాశం ఎక్కువ.