లెక్కల పుస్తకం పక్కన సెల్‌ఫోనా? తిట్టేముందు ఒక్క లెక్క!

మీ అమ్మాయి ఇంటర్‌లోనో, ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలోనో ఉందా? లెక్కల పుస్తకం తెరిచి, దాని పక్కనే సెల్‌ఫోన్ పెట్టుకుని కూర్చుంటోందా? "చదువుతున్నావా, ఆడుకుంటున్నావా?" అని మీరు కసిరితే "లెక్కే చేస్తున్నానమ్మా" అంటోందా? ఆ మాట నిజమే కావచ్చు, కాకపోనూ వచ్చు. అది తేల్చుకోవడానికి మీరు డిగ్రీలు చదివి ఉండనక్కర్లేదు.

ముందు ఆ ఫోన్లో ఏముందో చూద్దాం. లెక్కని ఫొటో తీస్తే చాలు, చేసి చూపించే ఫొటోమ్యాథ్ ఉంది. ప్రశ్న టైపు చేస్తే జవాబిచ్చే వుల్ఫ్రమ్ ఆల్ఫా ఉంది. గ్రాఫులు గీసి చూపించడానికి డెస్మోస్, జియోజీబ్రా ఉన్నాయి. ఈ జియోజీబ్రాని ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ యూనివర్సిటీలో చదువుకుంటున్న మార్కస్ హోహెన్‌వార్టర్ 2001లో మొదలుపెట్టాడు. పిల్లలు చదువుకోడానికి ఉచితమే. గ్రాఫులు గీయడానికి మామూలు ఫోన్ చాలు, వేలకి వేలు పోసి ట్యాబ్లెట్ కొనక్కర్లేదు.

ఇప్పుడు మీ వంటింటి కాలిక్యులేటర్ తీసుకోండి. 30 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు ఉన్న రేకు ఉందనుకుందాం. దాంతో మైసూర్‌పాక్ పోసుకోడానికి ట్రే చేయించాలి. నాలుగు మూలలా ఒకే కొలత చదరపు ముక్కలు కత్తిరించి, అంచులు పైకి మడిస్తే ట్రే అవుతుంది. మరి ఎంత ముక్క కత్తిరిస్తే ట్రేలో ఎక్కువ పాకం పడుతుంది?

3 సెంటీమీటర్లు కత్తిరించారనుకోండి. రెండు వైపులా పోయి అడుగు 24, ఎత్తు 3. ఇరవై నాలుగు ఇరవై నాలుగులు, దాన్ని మూడుతో హెచ్చిస్తే 1728 ఘనపు సెంటీమీటర్లు. 4 కత్తిరిస్తే 1936. 5 కత్తిరిస్తే 2000, అంటే సరిగ్గా రెండు లీటర్లు. బాగుంది కదూ! ఇంకా పెంచుదామని 6 కత్తిరిస్తే మాత్రం 1944కి దిగిపోయింది. 7 అయితే 1792. 4.9, 5.1 వేసి చూసినా 1999 చిల్లరే!

మీరింతసేపు కూడికలూ హెచ్చవేతలూ చేసి పట్టుకున్నదాన్నే మీ అమ్మాయి కాలేజీలో డిఫరెన్షియేషన్‌తో నాలుగు లైన్లలో తేలుస్తుంది. తెలుగు మీడియం వాళ్ళకిది అవకలనం. అదే లెక్కని జియోజీబ్రాలో పెడితే కొండలా లేచి, 5 దగ్గర శిఖరం చేరి, మళ్ళీ దిగే గీత కనిపిస్తుంది. శిఖరం మీద వాలు సున్నా అని టీచరు పదిసార్లు చెప్పినా ఎక్కనిది ఆ బొమ్మ చూస్తే ఎక్కుతుంది. అందుకే ఫోన్ లాగేసుకోవద్దంటున్నాను.

కానీ ఒక మెలిక ఉంది. వాలు ఎక్కడ సున్నా అవుతుందని అడిగితే యంత్రం 5తో పాటు 15ని కూడా ఇస్తుంది. 15 సెంటీమీటర్లు కత్తిరిస్తే రేకు మొత్తం నాలుగు ముక్కలైపోతుంది, ఇంక ట్రే ఎక్కడిది? కాబట్టి 15ని తీసిపారేయాల్సింది మనిషే. లెక్కని ఫొటో తీసి జవాబు దింపుకున్న పిల్లకి ఆ సంగతే తట్టదు. ఇక ఇప్పుడొచ్చిన ఏఐ చాట్‌లైతే తప్పు జవాబుని కూడా తడుముకోకుండా చెప్పేస్తాయి. వచ్చిన జవాబుని మళ్ళీ లెక్కలో వేసి సరిచూడమనండి.

కాలిక్యులేటర్ని కూడా గుడ్డిగా నమ్మకూడదు. 20 రూపాయల సంచీ ఒకటి, 30 రూపాయల చొప్పున కొబ్బరికాయలు నాలుగు కొన్నారు. 20+30×4 అని వరసగా నొక్కితే వంటింటి కాలిక్యులేటర్ 200 అంటుంది, పిల్లల సైంటిఫిక్ కాలిక్యులేటర్ 140 అంటుంది. మీరివ్వాల్సింది 140 అని మీకెటూ తెలుసు! అలాగే సైన్ 30 నొక్కితే 0.5 రావాలి. మైనస్ 0.988 వచ్చిందంటే అది డిగ్రీల్లో కాకుండా రేడియన్లలో ఉందన్నమాట. ఈ ఒక్క మీట చూసుకోక మార్కులు పోగొట్టుకునే పిల్లలు ఎందరో.

అసలు భయం పరీక్ష హాల్లో ఉంది. జేఈఈ మెయిన్‌కి, మన ఈఏపీసెట్‌కి కాలిక్యులేటర్ తీసుకెళ్ళనివ్వరు. గేట్ పరీక్షలో కంప్యూటర్ తెర మీదే ఒకటి ఇస్తారు, సొంతది పనికిరాదు. ఇంజనీరింగ్ సెమిస్టర్ పరీక్షలకి ఏ రకం తెచ్చుకోవచ్చో కొనేముందే కాలేజీలో కనుక్కోండి. ఏడాది పొడుగునా ఫోన్ మీద ఆనుకున్న చెయ్యి ఆ మూడు గంటలూ ఏం చేస్తుంది?

అందుకని ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకోండి. కొత్త లెక్క మొదలుపెట్టగానే పావుగంట సేపు ఫోన్ మీ దగ్గర, వంటింట్లో ఉండాలి. తప్పో ఒప్పో కాగితం మీద చేశాకే ఫోన్ ఇవ్వండి. జవాబు సరిపోతే సరే. సరిపోకపోతే ఎక్కడ దారి తప్పిందో తనే వెతుక్కోవాలి. ఆ వెతుకులాటలోనే సగం లెక్క వచ్చేస్తుంది. తర్వాత పుస్తకం మూయించి "ఇదెలా వచ్చిందో నాకు అర్థమయ్యేలా చెప్పు" అనండి. మీరు పదో తరగతితో ఆపేసినా ఫర్వాలేదు, నిజానికి అదే మేలు. తెలియని మనిషికి చెప్పాలంటే తను దాటేసిన మెట్లన్నీ బయటపడతాయి. "మన ఇంటావంటా లెక్కల్లేవు" అని మాత్రం దాని ముందు అనకండి.

ఇవాళ సాయంత్రం 36 సెంటీమీటర్ల రేకుతో ట్రే చేయమని అడిగి చూడండి. జవాబు 6 రావాలి. రెండో జవాబు 18 ఎందుకు పనికిరాదో కూడా చెప్పమనండి.