ఉద్యోగ నియమావళి తెలుగులో కర్త లోపం: కేసముద్రం నేపథ్యం

పని నియమాలను కార్మికులకు రాతపూర్వకంగా ముందే తెలియజేయాలన్న సూత్రాన్ని 1946 నాటి పారిశ్రామిక ఉపాధి (స్థాయీ ఉత్తర్వుల) చట్టం దేశమంతటికీ వర్తింపజేసింది. వందమంది, ఆపైన కార్మికులున్న సంస్థలు ఆ నియమాలను ఇంగ్లీషుతోపాటు అధిక సంఖ్యాకులకు అర్థమయ్యే భాషలోనూ ప్రవేశద్వారం వద్ద ప్రదర్శించాలని 9వ సెక్షన్ ఆదేశించింది. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల స్మృతి ఈ పరిమితిని 300కు పెంచింది. పూర్వపు వరంగల్, నేటి మహబూబాబాద్ జిల్లాలోని కేసముద్రం వంటి చోట మిల్లులు, ప్రైవేటు బడులు, దుకాణాలు సాధారణంగా ఈ సంఖ్యకు చాలా దూరం. ఇక్కడ నియమావళి రాయడమన్నది యజమాని ఇష్టం. కాబట్టి అది ఎలాంటి తెలుగులో ఉండాలన్నది మరింత ముఖ్యమవుతుంది.

మొదటి చిక్కు ‘ఉద్యోగి’ అన్న మాటతోనే. వ్యవసాయ మార్కెట్ యార్డులో కార్యాలయ సిబ్బంది, అడ్తిదారు దగ్గర గుమస్తా, దడువాయి, హమాలీ, చాట కూలీ ఒకే ఆవరణలో పనిచేస్తారు. వాడుకలో వీరిలో ఉద్యోగులు మొదటివారే. కానీ పనిచోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి వచ్చిన 2013 చట్టం దినకూలీని, కాంట్రాక్టు కార్మికురాలిని, జీతం లేకుండా పనిచేసేవారిని సైతం ఉద్యోగి నిర్వచనంలో చేర్చింది. నియమావళిలో ‘ఉద్యోగులు’ అని రాసి ఊరుకుంటే, ఫిర్యాదు చేసే హక్కు తనకూ ఉందని చాట కూలీకి తెలియదు. ఆ పని పేర్లన్నీ వరుసగా రాయవలసిందే. పునరుక్తి దోషమని ఇక్కడ సంకోచించనక్కరలేదు.

రెండవది కర్మణి ప్రయోగం. “తగు చర్య తీసుకొనబడును”, “విచారణ జరుపబడును” వంటి వాక్యాలు ఇంగ్లీషు ముసాయిదాల నీడలు. తెలుగు సహజంగా కర్తను కోరుతుంది. ‘బడు’ ధాతువు ఆ కర్తను దాచేస్తుంది. సస్పెన్షన్‌లో ఉన్న కార్మికునికి మొదటి 90 రోజులు సగం వేతనం, తరువాత జాప్యానికి అతడు కారణం కాకపోతే 75 శాతం జీవనభృతి చెల్లించాలని 1946 చట్టానికి చేర్చిన 10ఎ సెక్షన్ చెప్పింది. దీనిని “భృతి చెల్లించబడును” అని అనువదిస్తే అడగవలసిన మనిషి కనబడడు. “మేనేజరు ప్రతి నెలా ఫలానా తేదీలోగా భృతి చెల్లిస్తారు” అన్నప్పుడు బాధ్యత ఒకరి మీద నిలుస్తుంది. “తొలగించవచ్చును” కూడా ఇటువంటిదే. అది అధికారమా, సంభావ్యతా అన్నది వాక్యం చెప్పదు.

‘సెలవు’ మరింత ఆసక్తికరమైన పదం. పెద్దలు ‘సెలవిస్తారు’, అతిథి ‘సెలవు తీసుకుంటాడు’. అనుమతి, ఆజ్ఞ అన్న అర్థాలు దానిలో ఇంకా సజీవంగా ఉన్నాయి. అందువల్లనే కాబోలు, సెలవును అడుక్కోవలసిన దయగా చూడడం మనకు అలవాటు. ‘ఆర్జిత సెలవు’లోని విశేషణం ఆ భావాన్ని సరిదిద్దుతుంది గాని, గుమస్తాకు ‘ఆర్జిత’ పరాయి మాట. “పనిచేసి సంపాదించుకున్న సెలవు” అని ఒకసారి విప్పి చెప్పి, దరఖాస్తు ఎవరికివ్వాలో, వారు ఎన్ని రోజుల్లో జవాబివ్వాలో, కాదంటే కారణం రాసివ్వాలో లేదో ఆ పక్కనే చేర్చాలి.