తెరచాప పడవకు మన తీరంలో మజిలీలు



సోనేపూర్ ఇసుకలో నిలబడితే బాహుదా నది సముద్రంలో కలిసే మొగ కనబడుతుంది. ఇచ్ఛాపురం పక్కనుంచి వచ్చిన నీరే అది. మొగకు ఇటు ఒడిశా, అటు ఆంధ్ర. పడవ వేసేవాళ్ళు మాత్రం రెండు వైపులా తెలుగే మాట్లాడతారు. ఒరియా వారు వీరిని నోలియాలంటారు.

తెరచాప పడవలో తీరం వెంట పోవడం, సాయంత్రానికి ఒక రేవులో లంగరు దించి పడుకోవడం, తెల్లవారి మళ్ళీ చాప ఎత్తడం విదేశాల్లో చాలామందికి సరదా. గ్రీసు దీవుల్లో అయితే కొన్ని గంటలు ప్రయాణం చేస్తే చాలు, ఏదో ఒక కొండ చాటు దొరుకుతుంది. ఊరికి దగ్గరగా మెరీనాలుంటాయి. మెరీనా అంటే అలలు రాకుండా గోడ కట్టి, లోపల చిన్న పడవలు కట్టుకోవడానికి, మంచినీళ్ళు పట్టుకోవడానికి, మరమ్మతులు చేయించుకోవడానికి ఏర్పాటు చేసిన రేవు. మద్రాసు మెరీనాలో మనం బఠాణీలు తిన్నామే గాని కట్టేసిన పడవను చూడలేదు. అది పేరుకే మెరీనా. మన దేశంలో అసలైన మెరీనా చూడాలంటే కొచ్చిలో బోల్గట్టి దీవికి వెళ్ళాలి.

మరి మన తీరం సంగతేమిటి? విశాఖపట్నం నుంచి గోపాల్‌పూర్‌కు సముద్రం మీద సుమారు 240 కిలోమీటర్లు. మామూలు తెరచాప పడవ గంటకు తొమ్మిది కిలోమీటర్లు పోతుందనుకున్నా, ఆగకుండా పోతే ఒక పగలూ ఒక రాత్రీ దాటుతుంది. దారిలో భీమునిపట్నం, కళింగపట్నం, బారువ వస్తాయి. మూడూ పాత రేవులే. భీమిలి దగ్గర గోస్తనీ, కళింగపట్నం దగ్గర వంశధార, బారువ దగ్గర మహేంద్రతనయ సముద్రంలో కలుస్తాయి. మ్యాపులో చూస్తే ఎన్ని మజిలీలో అనిపిస్తుంది. కానీ వీటిలో ఒక్కదానిలోనూ పడవకు చాటు లేదు.

కారణం ఇసుక. నైరుతి రుతుపవనాల కాలంలో అలలు దక్షిణం వైపు నుంచి ఒడ్డుకు ఏటవాలుగా తగులుతాయి. తగిలిన ప్రతిసారీ కొంత ఇసుకను ఉత్తరానికి తోస్తాయి. అలా ఏడాదంతా కలిపితే లక్షల ఘనపు మీటర్ల ఇసుక మన ముందునుంచే నడిచిపోతుంది. నదిలో వరద ఉన్నంతకాలం మొగ తెరుచుకుని ఉంటుంది. వేసవిలో నీరు తగ్గగానే ఇసుక మేట వేస్తుంది. ఆ మేట మీద లోతు ఒక్కోసారి నడుము దాకా కూడా ఉండదు. అలకు ఒక లెక్క ఉంది. నీటి లోతు తన ఎత్తుతో ఇంచుమించు సమానమైన చోటికి రాగానే అది విరిగి పడుతుంది. అంటే నిలువెత్తు అల నిలువు లోతులోనే విరుగుతుంది. మొగ ముందు తెల్లటి నురగ గీత కనబడుతుందే, అదే ఈ చోటు. పడవ లోపలికి రావాలంటే ఆ గీత దాటక తప్పదు.

అందుకే వెనకటి ఓడలు ఒడ్డుకు వచ్చేవి కావు. రంగూను పోయే స్టీమర్లు కూడా గోపాల్‌పూర్ ఎదుట లోతు నీటిలో లంగరు దించి ఊగుతూ నిలబడేవి. మనుషుల్నీ బస్తాల్నీ మసూలా పడవలు చేర్చేవి. ఆ పడవకు మేకులుండవు. పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టేవారు. అల కొట్టినప్పుడు మేకుల పడవ పగిలితే, కుట్టు పడవ వంగి ఊరుకునేది. నన్నడిగితే మన ఇంజనీరింగు పుస్తకాల్లో ఎక్కాల్సిన వస్తువు అది. తరువాత రైలు వచ్చింది. 1933లో విశాఖ హార్బరు తెరిచారు. దాంతో ఈ చిన్న రేవుల పని ముగిసింది.

లంగరు గురించి ఒక మాట. బరువు వల్లనే పడవ నిలుస్తుందని మా పిల్లలు పరీక్షలో రాస్తారు. నిజానికి లంగరు కొక్కెం ఇసుకలో దిగబడి పట్టుకుంటుంది. తాడు దాన్ని పైకి లాగితే ఊడిపోతుంది, అడుగు వెంట పక్కకు లాగితే ఇంకా లోతుకు దిగుతుంది. అందుకని ఆరు మీటర్ల లోతు ఉన్నచోట ముప్పై, నలభై మీటర్ల తాడు వదలాలి. గాలి పెరిగితే ఇంకా వదలాలి.

కాలం ఎంచుకోవడం కూడా ఉంది. కార్తీక పున్నమికి ఒరియా ఇళ్ళలో బొయిత బందాణ చేసి చిన్న పడవలు నీటిలో వదులుతారు. మనం అదే రోజు అరటి దొప్పల్లో దీపాలు వదులుతాం. ఒకే చెరువులో రెండూ తేలడం బరంపురంలో చూస్తూనే ఉంటాం. నైరుతి గాలి పోయి ఈశాన్య గాలి నిలదొక్కుకునే రోజులవి. దక్షిణానికి పోయే ఓడకు గాలి వెనకనుంచి వస్తుంది, తీరం వెంట నీటి ప్రవాహం కూడా అటే ఉంటుంది. ఫిబ్రవరి దాటాక ప్రవాహం ఉత్తరానికి తిరుగుతుంది. అయితే అక్టోబరు, నవంబరులే తుఫాను నెలలు కూడా. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే ఒడ్డు దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు దాటింది. చాటు లేని తీరంలో పడవను కాపాడుకోవడానికి ఒకటే దారి, ముందుగానే ఇసుక మీదికి ఎత్తుగా లాగేసుకోవడం. చెక్క తెప్ప అయితే కట్లు విప్పి దుంగలు మోసుకుపోవచ్చు. కీలు ఉన్న విదేశీ పడవను ఎవరు లాగగలరు?

పెద్ద ప్రయాణాల్లోనూ మజిలీయే ప్రాణం. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి ఆరుగురు నౌకాదళ మహిళలు తారిణి అనే తెరచాప పడవలో భూమి చుట్టిరావడానికి బయలుదేరారు. వారిలో స్వాతి విశాఖపట్నం అమ్మాయి, ఐశ్వర్య హైదరాబాదు అమ్మాయి. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, ఫాక్‌లండ్ దీవులు, కేప్‌టౌన్ ముందుగా అనుకున్న మజిలీలు. చుక్కాని తిప్పే యంత్రం చెడిపోవడంతో అనుకోకుండా మారిషస్‌లో కూడా ఆగారు. 2018 మే 21న క్షేమంగా గోవా చేరారు. మారిషస్ రేవు అక్కడ లేకపోతే ఏమయ్యేదో ఆలోచించండి.

అలాగని ప్రతి మొగ దగ్గరా రాతి గోడలు కట్టేస్తే సరిపోతుందా? గోడ ఇసుక నడకను ఆపుతుంది. దక్షిణాన ఇసుక పేరుకుంటే ఉత్తరాన ఒడ్డు కోసుకుపోతుంది. విశాఖలో తవ్విన ఇసుకను తీసుకువెళ్ళి బీచిలో పోయడం ఇందుకే. గంజాం తీరంలో పోడంపేట ఇళ్ళు సముద్రంలో కలిసిపోయాయి. దానికి కారణాలు ఒకటి కాకపోవచ్చు. కానీ రేవు కావాలని అడిగే ఊరు తన ఉత్తరాన ఉన్న ఊరిని కూడా అడగాలి గదా.

1998 మార్చిలో, నేను కాలేజీలో చదివే రోజుల్లో, మా వీధి చివర ఉండే ఒక తాతతో సోనేపూర్ నుంచి గోపాల్‌పూర్‌కు చాప మీద వెళ్ళాను. ఇరవై రెండు కిలోమీటర్లు. దక్షిణపు గాలి వెనకనుంచి తోస్తుంటే మధ్యాహ్నానికే లైట్‌హౌసు కనబడింది. వచ్చేశామని సంబరపడ్డాను. తాత చాప దించి, నురగ గీతకు ఇవతలే లంగరు వేశాడు. రెండు గంటలు అక్కడే ఊగాం. నాకు వాంతులు. ఒడ్డు మీద బజ్జీల బండి కూడా కనిపిస్తోంది. "దిగిపోదాం తాతా" అన్నాను.

"ఒడ్డు కనిపిస్తంది గదాని తొందరపడిపోకు బాబూ. నడి సంద్రంలో ఏటీ అవదు. అయితే గియితే ఒడ్డుకాడే" అన్నాడు.

ఆయన అలలు లెక్కపెడుతున్నాడు. అలలు ఒకే తీరుగా రావు. రెండు రకాల పొంగులు కలిసినప్పుడు పెద్దవి నాలుగైదు వరసగా వస్తాయి, విడిపోయినప్పుడు కాసేపు నెమ్మదిస్తాయి. ఆ సందులో లంగరు ఎత్తి, తెడ్లు వేసి, ఒక్క ఊపులో ఇసుక మీదికి తెచ్చేశాడు. తిరిగి రావడానికి ఎదురుగాలి పనికిరాదు. తెప్ప గాలికి ఎదురు ఎక్కలేదు. అందుకని రాత్రి ఒడ్డునే పడుకున్నాం. తెల్లవారుజామున నేల చల్లబడి, గాలి నేలమీదనుంచి సముద్రంలోకి వీచేటప్పుడు దాన్ని పక్కనుంచి పట్టుకుని, ఎండ ఎక్కకముందే సోనేపూర్ దరిదాపులకు వచ్చాం.

తాత పోయి చాలా ఏళ్ళయింది. మనుమడికి ఇప్పుడు ఫైబరు బోటు ఉంది, ఇంజను ఉంది, సెల్‌ఫోనులో వాతావరణం చూసుకుంటాడు. మొగ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇంజను నెమ్మది చేసి, వెనక్కి తిరిగి చూస్తూ, పెదవులు కదిలిస్తూ లెక్కపెడుతుంటాడు.