ఫార్మాట్ కొట్టే ముందు ఓ గంట

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ల గురించి ఎక్కువగా వినిపించే మాట ‘ఫార్మాట్’. చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అందరి నోటా నానిన ‘సీటీసీ’లో, ఏ సర్వీసు కౌంటర్ ముందు నిలబడినా ఫిర్యాదు ఒకటే: ‘సిస్టమ్ బాగా స్లో అయిపోయిందన్నా’. జవాబూ దాదాపు ఒకటే: ‘ఫార్మాట్ కొట్టి కొత్తగా ఓఎస్ వేద్దాం సార్. డేటా ఏమన్నా ఉంటే చెప్పండి’. డేటా ఏముందో, ఎక్కడుందో ఆ క్షణంలో ఎవరికి గుర్తొస్తుంది? డెస్క్‌టాప్ మీద కనిపించేవి కాపీ అవుతాయి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఉండిపోయిన పాప టెన్త్ మెమో, బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులు, ఎప్పుడో స్కాన్ చేసిన ఇంటి దస్తావేజు మాత్రం పోతాయి.

వైరస్ ముదిరిపోయినప్పుడు ఫార్మాట్ తప్పదు. కానీ ఆ కౌంటర్ల ముందుకొచ్చే బాక్సుల్లో చాలావాటికి అంత శస్త్రచికిత్స అక్కర్లేదు. యజమాని ఓ గంట కూర్చుని సెట్టింగులు తిరగేస్తే ఇంట్లోనే తేలిపోయే సమస్యలవి. కంపెనీ ఇచ్చిన సెట్టింగులు ప్రపంచంలో అందరి కోసం పెట్టినవి. వాటిని మన కళ్లకు, మన పనికి, మన భాషకు తగ్గట్టు మార్చుకోవాల్సింది మనమే.

విండోస్ 10తో ఏం చేయాలి?

ఈ ప్రశ్న ఇప్పుడు ఇంటింటిదీ. 2015 జూలై 29న వచ్చిన విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. అంటే కంప్యూటర్ ఆగిపోదు. ఎప్పటిలాగే నడుస్తుంది. కాకపోతే కొత్తగా బయటపడే భద్రతా లోపాలకు ఉచితంగా వచ్చే మరమ్మతులు రావు. ఇళ్లలో వాడేవాళ్లు ఈ గడువును 2026 అక్టోబర్ 13 దాకా పొడిగించుకునే ఏర్పాటును మాత్రం కంపెనీ ప్రకటించింది. విండోస్ అప్‌డేట్ పేజీలోనే దానికి లింకు ఉంటుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగులను బ్యాకప్ చేసుకునేవాళ్లకు డబ్బు కట్టనక్కర్లేని మార్గం కూడా పెట్టారు. ‘విండోస్ 10 చచ్చిపోయింది, కొత్తది కొనాల్సిందే’ అని ఎవరన్నా తొందరపెడితే ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

విండోస్ 11కి మారాలంటే యంత్రానికి కొన్ని అర్హతలు కావాలి. ఇంటెల్ అయితే సాధారణంగా 8వ తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్, కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కు, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు. విండోస్ బటన్‌తో పాటు ఆర్ నొక్కి, వచ్చిన డబ్బాలో ‘టీపీఎం డాట్ ఎంఎస్‌సీ’ అని ఇంగ్లిష్‌లో కొడితే ఆ ఏర్పాటు ఉందో లేదో తెలుస్తుంది. ‘లేదు’ అని వచ్చినా అప్పుడే నిరాశపడక్కర్లేదు. చాలా మదర్‌బోర్డుల్లో అది ఉండి కూడా ఆఫ్‌లో ఉంటుంది. బయోస్‌లోకి వెళ్లి ఇంటెల్ బోర్డయితే పీటీటీ, ఏఎండీ బోర్డయితే ఎఫ్‌టీపీఎం అన్న పేరు వెతికి ఆన్ చేస్తే సరిపోతుంది. దానికోసం బోర్డు మార్పించాల్సిన పనిలేదు.

స్లో ఎందుకవుతుంది?

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. రోగం ఎక్కడుందో చెప్పే చోటు ఇదే. కంప్యూటర్ ఆన్ చేసిన మొదటి ఐదు నిమిషాల్లో ఇది తెరిచి చూడాలి. డిస్కు దగ్గర అంకె వంద శాతం దగ్గరే కదలకుండా నిలబడి, ప్రాసెసర్ మాత్రం తీరిగ్గా ఉంటే, బరువంతా హార్డ్ డిస్కు మీద పడుతోందన్నమాట. డెస్క్‌టాపుల్లో మామూలుగా ఉండే హార్డ్ డిస్కులో పళ్లేలు నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంటాయి. ఒక్కో ఫైలు ముక్క కోసం ముల్లు అటూ ఇటూ పరిగెత్తాలి. ఎస్ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు, అంతా చిప్పుల్లోనే. అందుకే పాత బాక్సులో ఓఎస్‌ను ఎస్ఎస్‌డీ మీదికి మారిస్తే వచ్చేంత తేడా ఇంకే మార్పుతోనూ రాదు.

ఇక్కడే ఒక మాట అడగాలి: ‘ఫార్మాట్ వద్దు, క్లోన్ చేసివ్వండి’. పాత డిస్కులో ఉన్నదాన్ని, అంటే ఓఎస్, ప్రోగ్రాములు, ఫైళ్లు అన్నిటినీ యథాతథంగా కొత్త ఎస్ఎస్‌డీలోకి దించడమే క్లోనింగ్. మళ్లీ ప్రింటర్ డ్రైవర్ వెతుక్కునే పని, ట్యాలీ వేయించుకునే పని ఉండవు. పాత డిస్కును కొన్ని నెలలు అలాగే బీరువాలో పెడితే ఖర్చులేని బ్యాకప్ కూడా.

ర్యామ్ సంగతీ టాస్క్ మేనేజర్‌లోనే తేలుతుంది. పెర్ఫార్మెన్స్ విభాగంలో మెమరీ మీద నొక్కితే ఎంత ఉంది, ఎంత వాడకంలో ఉంది, స్లాట్లలో ఎన్ని నిండాయి అన్నవి కనిపిస్తాయి. ఆ తెరను ఫోన్‌లో ఫొటో తీసుకుని దుకాణానికి వెళ్తే డీడీఆర్3 కావాలా, డీడీఆర్4 కావాలా అన్న గందరగోళం సగం తగ్గుతుంది.

అక్కడే స్టార్టప్ యాప్స్ అనే మరో విభాగం ఉంటుంది. ఆన్ చేయగానే అడగకుండా లేచి కూర్చునే ప్రోగ్రాముల చిట్టా అది. వీడియో మీటింగుల యాప్‌లు, ఆటల లాంచర్లు, ఎప్పుడో అమ్మేసిన ప్రింటర్ తాలూకు సాఫ్ట్‌వేర్... ఒక్కోదాని మీద రైట్ క్లిక్ చేసి డిసేబుల్ నొక్కితే చాలు. ప్రోగ్రామ్ ఎక్కడికీ పోదు, పిలిస్తేనే వస్తుంది. యాంటీవైరస్‌నూ, సౌండ్‌కు సంబంధించినవాటినీ ముట్టుకోకపోవడం మంచిది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. రోజూ రాత్రి షట్‌డౌన్ చేస్తున్నాం కదా, పొద్దున్నే తాజాగా మొదలవుతుందని అనుకుంటారు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ పూర్తి షట్‌డౌన్ కాదు. తొందరగా లేవడానికి ఓఎస్ తన లోపలి స్థితిని డిస్కులో దాచుకుని, మర్నాడు దాన్నే తెచ్చుకుంటుంది. నిన్నటి తలనొప్పి ఇవాళా వస్తుంది. పూర్తిగా మొదటినుంచీ మొదలయ్యేది రీస్టార్ట్ నొక్కినప్పుడే. అందుకే ప్రింటర్ మొండికేసినా, వైఫై కనిపించకపోయినా ఎవర్నీ పిలవకముందు చేయాల్సింది రీస్టార్ట్.

కళ్లకు, చేతికి తగ్గట్టు

దక్షిణ మధ్య రైల్వే కేంద్ర కార్యాలయం, కంటోన్మెంట్ ఉన్న ఊరు కాబట్టి సికింద్రాబాద్‌లో పెన్షనర్ల ఇళ్లు చాలా. ఆ ఇళ్లలో డెస్క్‌టాప్‌కు పని బ్యాంకు స్టేట్‌మెంటు, విదేశాల్లో ఉన్న మనవలతో వీడియో కాల్, నవంబర్‌లో జీవన్ ప్రమాణ్. అక్షరాలు చిన్నగా ఉన్నాయని కొత్త మానిటర్ కొనేవాళ్లున్నారు. విండోస్ 11లో సెట్టింగ్స్, యాక్సెసబిలిటీ, టెక్స్ట్ సైజ్‌కు వెళ్తే అక్షరాలను 225 శాతం దాకా పెంచుకోవచ్చు. మౌస్ బాణం ఎక్కడుందో కనిపించకపోతే అక్కడే మౌస్ పాయింటర్‌ను పెద్దది చేసి, పసుపో ఎరుపో రంగు వేసుకోవచ్చు. పెద్దవాళ్లున్న ప్రతి ఇంట్లో పిల్లలు మొదట చేసిపెట్టాల్సిన పని ఇదే.

‘మీ కంప్యూటర్లో ఐదు వైరస్‌లున్నాయి’ అంటూ తెర మూలన పదే పదే లేచే హెచ్చరికలను చూసి భయపడి సర్వీసుకు పరిగెత్తేవాళ్లూ ఎక్కువే. చాలాసార్లు అవి వైరస్‌లు కావు. ఎప్పుడో ఏదో వెబ్‌సైట్ అడిగినప్పుడు తెలియక ‘అలౌ’ నొక్కిన ఫలితం. క్రోమ్ సెట్టింగుల్లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్ తెరిచి ముక్కూమొహం తెలియని సైట్లన్నిటినీ తీసేస్తే ఆ గోల ఆగిపోతుంది. ఆ హెచ్చరికలో ఉన్న నంబరుకు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ ఫోన్ చేయకూడదు.

ఫైళ్ల పేర్ల చివరి తోకలను విండోస్ మామూలుగా దాచేస్తుంది. మెయిల్‌లో బిల్లులా కనిపించే ఫైలు నిజంగా పీడీఎఫా, పీడీఎఫ్ వేషంలో ఉన్న ఈఎక్స్‌ఈ ప్రోగ్రామా అన్నది ఆ తోక చూస్తేనే తెలిసేది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ, షో, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్‌కు టిక్కు పెట్టడం క్షణం పని. విండోస్, వి కలిపి నొక్కి ఆ ఏర్పాటును ఒకసారి ఆన్ చేసుకుంటే, ఆ తర్వాత కాపీ చేసినవి వరుసగా కనిపిస్తాయి. విండోస్, షిఫ్ట్, ఎస్ నొక్కితే తెరలో కావాల్సిన ముక్కే ఫొటో అవుతుంది. ఈ రెండూ వేళ్లకు అలవాటైతే ఆఫీసు పని తేలికవుతుంది.

విండోస్ 11కి నోచుకోని బాక్సులకు

ప్రాసెసర్ మరీ పాతదైతే లినక్స్ ఉంది. లినక్స్ మింట్‌కు 2 జీబీ ర్యామ్ కనీసం, 4 జీబీ ఉంటే హాయిగా నడుస్తుంది. పాత బాక్సుకు అందులో ఎక్స్ఎఫ్‌సీఈ రకం నప్పుతుంది. ముందే ఏదీ చెరపనక్కర్లేదు. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, దాన్నుంచే బూట్ చేసి, వైఫై, సౌండ్, ప్రింటర్ పనిచేస్తున్నాయో లేదో చూసుకున్నాకే ఇన్‌స్టాల్ చేయాలా వద్దా అన్నది తేల్చుకోవచ్చు. కేరళ ప్రభుత్వ పాఠశాలల కంప్యూటర్లు ఏళ్లుగా లినక్స్ మీదే నడుస్తున్నాయి. మన దగ్గర హైదరాబాద్‌లోని ‘స్వేచ్ఛ’ సంస్థ తెలుగు మెనూలతో ఓఎస్‌ను తెచ్చింది, పిల్లల కోసం ‘బాలస్వేచ్ఛ’నూ తయారుచేసింది. ఆ కార్యకర్తలు అనువదించిన ఒక్కో మెనూ మాట వెనక ఉన్న శ్రమకు దక్కాల్సినంత గుర్తింపు దక్కలేదు.

అయితే ట్యాలీ మీద లెక్కలు రాసే దుకాణదారుడు, జీఎస్టీకి డిజిటల్ సంతకం టోకెన్ వాడే ఆడిటర్ లినక్స్‌కు తొందరపడి మారకూడదు. ట్యాలీ విండోస్ కోసం తయారైంది. అలాంటివాళ్లు విండోస్‌ను ఉంచుకుని, ఇంట్లోని రెండో బాక్సుతో ప్రయోగం మొదలుపెట్టాలి.

కీబోర్డు మీద తెలుగు

తెలుగువాళ్ల డెస్క్‌టాప్‌లో తెలుగు లేకపోతే ఆ గంట పని పూర్తి కానట్టే. సెట్టింగ్స్, టైమ్ అండ్ లాంగ్వేజ్, లాంగ్వేజ్ అండ్ రీజియన్‌లో తెలుగును చేర్చాలి. విండోస్, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది. 2019 మే నాటి అప్‌డేట్‌తో విండోస్‌లోకి తెలుగు ఫొనెటిక్ కీబోర్డు కూడా వచ్చింది. ఇంగ్లిష్ అక్షరాలతో ఉచ్చారణ కొడితే తెలుగు పడుతుంది. అవసరానికి అది చాలు.

రోజూ పేజీలకు పేజీలు రాసేవాళ్లకు మాత్రం ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోవడం మేలు. భారతీయ భాషల్లో చాలావాటికి ఒకే అమరిక. అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమ చేతి వైపు, హల్లుల్లో ఎక్కువభాగం కుడి చేతి వైపు. ‘సికింద్రాబాద్’ రాయాలంటే ఎమ్, ఎఫ్, కె, ఎఫ్, ఎక్స్, ఓ, డి, జె, ఈ, వై, ఈ, ఓ, డి నొక్కాలి. పదమూడు కీలు. ఎమ్‌తో స, ఎఫ్‌తో గుడి, కె నొక్కితే క, ఎక్స్‌కు సున్నా. ఓ అంటే ద, డి అంటే పొల్లు. ద తర్వాత పొల్లు పెట్టి జెతో ర కొట్టగానే ద్ర దానంతటదే కూడుకుంటుంది. షిఫ్ట్ ఒక్కసారి కూడా అవసరం పడలేదు చూడండి. నేర్చినవాళ్లు హిందీ పెట్టుకున్నా క అదే కెలో దొరుకుతుంది.

లినక్స్‌లో ఐబస్, ఎం17ఎన్ ప్యాకేజీలు వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు యాపిల్, ఆర్‌టీఎస్ పద్ధతులూ వస్తాయి. డీటీపీలో అను ఫాంట్ల మీద చేయి తిరిగినవాళ్లకు ఆ యాపిల్ అమరిక సులువుగా పట్టుబడుతుంది.

ఫాంట్ల విషయంలో తెలుగు ఇప్పుడు పేదది కాదు. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, గురజాడ, ధూర్జటి, పెద్దన, తెనాలి రామకృష్ణ ఉచితంగా దొరుకుతాయి. దించుకుని, రైట్ క్లిక్ చేసి, ఇన్‌స్టాల్ నొక్కితే వర్డ్‌లోనూ కనిపిస్తాయి. ఎక్స్‌పీ కాలం నాటి గౌతమిలో రాసుకున్న ఫైళ్లు కొత్త విండోస్‌లో వేరేగా కనిపిస్తుంటే, ఆప్షనల్ ఫీచర్స్‌లో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ వేసుకోవాలి. గౌతమి తిరిగొస్తుంది.

అసలు జాగ్రత్త పడాల్సింది అను ఫాంట్లలో ఉన్న పాత ఫైళ్ల గురించి. అవి యూనికోడ్ కావు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో ‘అమ్మ’ అన్న మాట అర్థంకాని ఇంగ్లిష్ గుర్తులుగా తెరుచుకుంటుంది. పేరు కొట్టి వెతికినా దొరకదు. ఇంట్లో అలాంటి కథలో, వంశవృక్షమో, సంఘం రికార్డులో ఉంటే ఆ ఫాంట్ ఇంకా పనిచేస్తున్న బాక్సు చేతిలో ఉండగానే ఒక పీడీఎఫ్ తీసుకోవాలి. తర్వాత కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చి, వచ్చిన పాఠాన్ని పీడీఎఫ్ పక్కన పెట్టుకుని ఒత్తులు సరిచూసుకోవాలి. మార్చేటప్పుడు ఎక్కువగా దెబ్బతినేవి అవే.