మీకు తెలుసా? ఆవిరి బిగింపులో ఇటాలియను విందు
ఫ్రాన్సుదేశమున జన్మించి, లండను నగరమున రాయల్ సొసైటీవారి సన్నిధిని పరిశోధనలొనర్చిన డెనీ పాపెన్ అను శాస్త్రజ్ఞుడు, బిగించిన పాత్రలో ఆవిరిని బంధించి, కఠినములైన ఎముకలను సైతము మెత్తబఱచు సాధనమును 1679లో ప్రదర్శించెను. 1682 ఏప్రిల్ 12న అట్టి పాత్రలలో వండిన విందును ఆరగించిన ఆంగ్ల రచయిత జాన్ ఈవ్లిన్, ఆ ముచ్చటను తన దినచర్యలో వ్రాసికొనెను. నేటి ప్రెషర్ కుక్కరు ఆ సాధనపు సంతానమే.

స్పగెట్టీ అను పాస్తాను మాంసపుటుండలతో కలిపి ఈ కుక్కరులోనే వండవచ్చును. ఇటలీలో మాంసపుటుండలను సాధారణముగా విడిగానే భుజింతురు. వానిని టమాటా రసముతోను స్పగెట్టీతోను ఒకే పళ్లెమున చేర్చినవారు అమెరికాకు వలసపోయిన ఇటాలియనులు.

మామూలు గిన్నెలో నీరు 100 డిగ్రీల సెంటీగ్రేడు వద్దనే మరుగును. కుక్కరులోనో, ఒత్తిడి రెట్టింపగుటచే వేడి సుమారు 120 డిగ్రీలకు చేరును గనుక, పొట్లముపై సూచించిన కాలములో సగమునకే పాస్తా ఉడుకును. అయితే పాస్తానుండి వెలువడు పిండిపదార్థము నురుగై పొంగి ఆవిరి రంధ్రమును మూసివేయు ప్రమాదము కలదు. కావున పాత్రను సగమునకు మించి నింపరాదు, చెంచాడు నూనె చేర్చుట మేలు. చిక్కని టమాటా రసము అడుగంటును. అందుచే అడుగున పాస్తాయు అది మునుగునంత నీరును, దానిపై మాంసపుటుండలు, అన్నిటిపైన రసము వేసి, కలియబెట్టకయే మూత బిగింపవలయును. ఈ వంటకు ఆ క్రమమే ప్రాణము. ఆవిరి పూర్తిగా అణగిన పిదపనే మూత తీసి, ఒక ఉండను విఱిచి, లోపల పచ్చిదనము లేదని చూచి మఱి వడ్డింపుడు.