మూడున్నర గంటల అట్లాంటిక్

లండన్ నుంచి న్యూయార్క్‌కు ఆకాశమార్గాన సుమారు 5,550 కిలోమీటర్లు. మామూలు జెట్ విమానానికి ఏడెనిమిది గంటలు పట్టే ఈ దూరాన్ని కాంకర్డ్ మూడున్నర గంటల్లో దాటేది. లండన్‌లో ఉదయం పదిన్నరకు ఎక్కినవారు, రెండు ఊళ్ల గడియారాలకు అయిదు గంటల తేడా ఉన్నందువల్ల, న్యూయార్క్‌లో అదే ఉదయం తొమ్మిది, తొమ్మిదిన్నర మధ్యే దిగేవారు. అలాంటి విమానం 27 ఏళ్లు సేవ చేసి 2003లో ఎందుకు ఆగిపోయింది? ప్రయాణ సమయాన్ని ఇంజిన్ బలం ఒక్కటే నిర్ణయించదు. గాలి, చప్పుడు, ఇంధనం ఖర్చు కూడా అందులో వాటాదారులే. కాంకర్డ్ కథ నేర్పే పాఠం ఇదే.

1962లో బ్రిటన్, ఫ్రాన్స్ ఒప్పందంతో మొదలైన ఈ విమానం 1969 మార్చి 2న టులూస్‌లో తొలిసారి ఎగిరింది. 1976 జనవరిలో ప్రయాణికులను ఎక్కించుకుంది. గాలి పలచగా ఉండే 18 కిలోమీటర్ల ఎత్తున, శబ్దానికి రెట్టింపు వేగంతో వెళ్లేది. ఆ వేగానికి ముక్కు భాగం 120 డిగ్రీలు దాటి వేడెక్కి, విమానం పొడవు 15 సెంటీమీటర్లకు పైగా సాగేది. ఫ్లైట్ ఇంజినీర్ ముందున్న మీటర్ల బోర్డుకూ పక్క గోడకూ మధ్య సందు తెరుచుకునేది. చివరి రోజుల్లో కొందరు ఇంజినీర్లు తమ టోపీని ఆ సందులో పెట్టారు. విమానం చల్లబడగానే సందు మూసుకుపోయి, టోపీ అక్కడే ఇరుక్కుపోయింది.

ఆ వేగానికి మూల్యం కూడా పెద్దదే. శబ్దం కన్నా నెమ్మదిగా పోయే విమానానికి ఎదురుగా ఉన్న గాలి ముందే పక్కకు తప్పుకుంటుంది. శబ్దాన్ని మించితే తప్పుకునే వ్యవధి ఉండదు. నొక్కుకుపోయిన గాలి ఆఘాత తరంగమై నేలను తాకుతుంది, పిడుగు పడ్డట్టు చప్పుడవుతుంది. అందుకే అమెరికా 1973లో తన భూభాగం మీద పౌర విమానాలు శబ్దవేగాన్ని మించడాన్ని నిషేధించింది. కాంకర్డ్‌కు సముద్రం మీది దారులే దిక్కయ్యాయి. పైగా సుమారు 100 సీట్ల విమానానికి ట్యాంకుల్లో పట్టే ఇంధనం 95 టన్నులు. అదే కాలంలో బోయింగ్ 747 ఒక్కసారికి మూడు రెట్లకు పైగా జనాన్ని మోసేది. చివరికి తయారైన కాంకర్డ్‌లు 20, ప్రయాణికులకు అందినవి 14.

ప్రమాదమే దాన్ని చంపిందని కొందరంటారు. 2000 జులై 25న పారిస్ దగ్గర 113 మందిని బలిగొన్న ఆ ఘోరం నిజమే. కానీ ట్యాంకులనూ టైర్లనూ బలపరిచాక, 2001 నవంబరులో అది మళ్లీ ఎగిరింది. తర్వాత దాన్ని నేలకు దించినవి తగ్గిన ప్రయాణికులు, పెరిగిన నిర్వహణ ఖర్చు. సమయం విలువ తెలిసినవారు ఎంతైనా ఇస్తారు కదా అనవచ్చు. బ్రిటిష్ ఎయిర్‌వేస్‌కు కొన్నేళ్లు లాభాలు వచ్చాయి కూడా. అయితే తయారీ ఖర్చులో సింహభాగం రెండు దేశాల పన్ను చెల్లింపుదారులే మోశారు. టికెట్ కొనగలిగినవారు మాత్రం కొద్దిమందే.

ఈనాటి విమానాలు కూడా 1958 నాటి బోయింగ్ 707 లాగే గంటకు 900 కిలోమీటర్ల చుట్టుపక్కలే తిరుగుతున్నాయి. 2020 ఫిబ్రవరిలో ఒక 747 జెట్ స్ట్రీమ్ గాలుల అండతో న్యూయార్క్ నుంచి లండన్‌కు అయిదు గంటల లోపే చేరింది. అదే గాలికి ఎదురెళ్తే గంటలు పెరుగుతాయి. 2025 జనవరిలో ఎక్స్‌బీ-1 అనే ప్రయోగ విమానం శబ్దవేగాన్ని దాటి, పాత ఆశను మళ్లీ లేపింది. ఆశపడటంలో తప్పులేదు. కానీ రేపటి విమానాన్ని వేగంతో మాత్రమే కొలవకూడదు. ఒక్కో ప్రయాణికుడి మీద ఎంత ఇంధనం ఖర్చయింది, కింద ఉన్న ఊళ్లు ఎంత చప్పుడు భరించాలి అన్న రెండు ప్రశ్నలకు జవాబు చెప్పాకే అది మన ఆకాశంలో చోటు అడగాలి.