మైనరు: ఒక పదము, నాలుగర్థములు

'మైనరు' అను ఆంగ్లపదమును 'చిన్న' యని తెనిగించుట మనకు పరిపాటి. ఈ యనువాదము అన్నియెడల పొసగదు.

దీనికి మూలమైన లాటిను పదమునకు 'అంతకంటె చిన్నది' యని యర్థము. అనగా ఇది పోల్చి చెప్పు మాట. పోల్చుటకు మఱియొకటి యుండవలెను.

న్యాయపరిభాషలో యుక్తవయస్సు రానివాడు మైనరు. 1875 నాటి శాసనము సామాన్యులకు 18 ఏండ్లను, కోర్టు ఆఫ్ వార్డ్సు సంరక్షణలో నున్నవారికి 21 ఏండ్లను విధించినది. ఈ భేదము 1999లో తొలగినది. కావున ఇచట వయస్సుతోపాటు పరాధీనతయు గణనకు వచ్చినది. బాల్యమున ఆస్తిపరులైన జమీందారు బిడ్డల విలాసములనుబట్టియే కాబోలు, వాడుకలో 'మైనరు' సొగసుకానికి పేరైనది. నీటిపారుదలలో పెద్దకాలువపై ఆధారపడిన పిల్లకాలువ మైనరు.

నెల్లూరు తీరమందలి కృష్ణపట్నమును చూడుడు. 2008లో ఆరంభమైన ఈ రేవునకు మహానౌకలు వచ్చుచున్నను, పరిపాలనలో ఇది మైనరు పోర్టే. కేంద్రము మేజరుగా ప్రకటించిన విశాఖపట్టణము వంటి రేవులు రాజ్యాంగమున కేంద్రజాబితాలో 27వ అంశము. తక్కినవి ఉమ్మడి జాబితాలో 31వ అంశము. ఇట్టి రేవుల నిర్వహణము రాష్ట్రమునది. దీనిని 'చిన్నరేవు' అన్నచో చదువరి పరిమాణమును తలచి పొరబడును. 'రాష్ట్రాధీనమైన రేవు' అనుట యుక్తము.

పై అర్థములలో సొగసుకానిని విడిచినచో, తక్కినవానిని కలుపు సూత్రము అల్పత్వము కాదు, అధీనత. అనువాదకుడు 'ఎంత చిన్నది?' యని గాక, 'ఎవరి అధీనమున నున్నది?' యని ప్రశ్నింపవలెను.